కాంటాకు ఏసినా ఏడ్వని పిల్ల

పోయిన నెల మా బజార్ల ఒక పుట్టెంట్రుకల దావత్‌కు పోయిన. పోవద్దనే అనుకున్న. పోతే నా నోరు ఊకోదు, నోరు ఊకోకపోతే నలుగురు మొఖాలు ముడుచుకుంటరు. అయినా పిలిచినోళ్లు దగ్గరోళ్లు, తప్పలేదు.

అన్నాలకాడ నా పక్కన ఒక పెద్దామె కూర్చున్నది. మెడనిండ బంగారం. చెయ్యి కడుక్కొని ఆకు నములుకుంట మొదలువెట్టింది: "మా కాలంల పిల్లల పెంచుడనేది ఒక పనా? కన్నం, ఇడిసిపెట్టినం. వాళ్లంతట వాళ్లే పెరిగిండ్రు. ఇప్పటోళ్లకు ఒక్క పిల్లతోనే ఆయాసం."

ఆమెకు ఎదురుంగ ఒక చిన్నామె. ఒళ్లో నాలుగేండ్ల పిల్లగాడు. ఆ ఎండల గూడ వానికి టై, బూట్లు. "అట్ల కాదు ఆంటీ, ఇప్పుడంతా సైంటిఫిక్. మా వాణ్ణి పొద్దుగాల ఐదింటికే లేపి రైమ్స్ చదివిస్త. కాన్వెంట్ల ఫస్ట్ రావాలె గద" అన్నది. ఆ సైంటిఫిక్ పిల్లగాడు కూర్చున్న కాడనే తూగుతున్నడు. పెరుగన్నం మూతికి అంటుకొని ఎండిపోయింది.

ఇద్దరి మీదా నాకు ఒక్కతీరు మండింది. పెద్దామెను "ఎంతమందిని కన్నవు, అండ్ల ఎంతమంది వాళ్లంతట వాళ్లు పెరిగిండ్రు" అని అడుగుదామనుకున్న. దావత్ ఇంట్ల ఆ ప్రశ్న బాగుండదని మింగేసిన. చిన్నామెను "నీ మొగుడు రోజూ ఎన్నింటికి లేస్తడు" అని అడుగుదామనుకున్న. దానికి జవాబు నాకు ముందే తెలుసు. అందుకే ఇంటికొచ్చి ఇది రాస్తున్న. కాయితం ఎదురు మాట్లాడదు.

కొత్తగ తల్లులైతున్న చెల్లెండ్లూ, కొత్తగ నేను చేసిన ఉద్యోగంలనే చేరుతున్న చెల్లెండ్లూ, మీకోసం చెప్తున్న. నేను ఆర్మూర్ల అంగన్‌వాడీ సూపర్‌వైజర్‌గా చేసిన. పిల్లల్ని ఎట్ల పెంచాలెనో ఊరూరు తిరిగి చెప్పుడే నా కొలువు. పోయినేడు వదిలేసిన. మర్యాద తెలిసినోళ్లు "రిటైరయింది" అంటరు. పై ఆఫీసర్‌తోని కొట్లాడి కాయితం మొఖాన కొట్టి వచ్చిందని నేనే చెప్త. ఆ కొట్లాట సంగతి వదిలేయుండ్రి. అంతకన్న ముందు, ఎనభైలల్ల, నేను చేసిన ఘనకార్యం ఒకటున్నది. అది చెప్త.

మీకు ఆ ఉద్యోగం తెల్వకపోతే రెండు ముక్కల్ల చెప్త. ఊరికో కేంద్రం. కేంద్రానికో టీచర్, ఒక ఆయా. నెలకొకసారి పిల్లల్ని తూకం ఏసి, రంగుల కార్డు మీద చుక్క పెట్టాలె. చుక్క పైకి పోతుంటే పిల్ల ఎదుగుతున్నట్టు, కిందికి జారుతుంటే లేనట్టు. ఇంతకన్న పెద్ద విద్య ఏం లేదు. తూకానికి ఒక స్ప్రింగు కాంటా ఇచ్చిండ్రు. దూలానికి వేలాడదీసి, కింద గుడ్డ లాగులాంటి దాంట్ల పిల్లను కూర్చోబెడితే ముల్లు తిరిగి బరువు చూపిస్తది. కూర్చోబెట్టంగనే ఏ పిల్లయినా చెవులు పగిలేటట్టు ఏడుస్తది. కాళ్ల కింద భూమి లేకపాయె, ఏడ్వక ఏం చేస్తది.

వేల్పూర్ దిక్కు ఒక ఊరుండె. ఆ ఊర్ల ఒక్క తల్లి గూడ పిల్లను కాంటా ఎక్కనియ్యకపోయేది. అడిగితే ఒకామె కుండబద్దలు కొట్టినట్టు చెప్పింది: "మా పసుపు కాంటా ఎక్కిందంటే ఇగ అది మాది గాదు మేడం. షావుకారుదే. పిల్లను గూడ గట్లనే ఎక్కియ్యమంటవా?"

నేను బీఎస్సీ చదివిన. మూఢనమ్మకమన్న. అజ్ఞానమన్న. ఇంక ఏమేమో అన్న. ఆమె విన్నది, పిల్లను చంకకెత్తుకొని పోయింది.

మా పై సార్ ఊకుంటడా? ఆయన పిల్లల్ని ఎన్నడు ముట్టలేదు గని కార్డుల్ని మాత్రం ముట్టి ముట్టి నలిపేటోడు. "ఆ ఊరి కార్డులల్ల చుక్కలు ఎందుకు లేవు? వచ్చే నెలకు అన్నీ నిండాలె" అన్నడు. టీచర్ పాపం భయస్తురాలు. "మేడం, ఇంట్ల కూసోని పెట్టేద్దామా చుక్కలు?" అని చెవిల అడిగింది. చానా ఊర్లల్ల అట్లనే పెట్టేటోళ్లు. నేను ఆమెను కోపంగ చూసిన. నాకప్పుడు నీతి ఎక్కువుండె.

అది పసుపు సీజన్. తవ్వుడు అయిపోయి, కళ్లాలల్ల పెద్ద పెద్ద కడాయిలల్ల పసుపు ఉడుకుతున్నది. ఊరు ఊరంత ఆ వాసనే. ఆడోళ్లు పొద్దుగాల కైకిలి పనికి పోతే మాపటికే తిరిగొచ్చుడు. మా కేంద్రం మాత్రం మధ్యాహ్నం ఒంటిగంటకే తాళం. పాలు తాగే పిల్లల్ని అండ్ల ఎట్లాగూ ఉంచుకునేటోళ్లు కాదు. వాళ్లు తల్లుల వెంబడి కళ్లానికే.

నేను కళ్లం కాడికే పోయి చెప్దామని పోయిన. ఒక ముసలామె, ఎండిన పసుపు కొమ్ములు ఎంత గట్టిగుంటయో అంత గట్టిది, మనుమరాలి నోట్లె వేలు పెట్టి ఏదో నాకిస్తున్నది.

"ఏం పెడ్తున్నవ్ అవ్వా?"

"ఏం లేదు మేడం, జరంత మందు. మంచిగ పండుకుంటది."

"మందా? నల్లమందా?"

"మందంటే మందే. మా అవ్వ నాకు పెట్టింది, నేను నా పిల్లలకు పెట్టిన."

ఇగ నేను అందుకున్న. "నువ్వు మనిషివేనా? సంటిపిల్లకు విషం పెడ్తవా? నీ అసోంటోళ్లను లోపల ఏయించాలె. రేపే పోలీసోళ్లను పిలిపిస్త" అని పది మందిల ఒర్రిన.

ముసలామె ఏం జంకలేదు. వేలు కొంగుకు తుడ్చుకున్నది. "పిలువు మేడం. వాళ్లొచ్చి పిల్లనెత్తుకుంటరా? ఎత్తుకుంటమంటే రేపటి దాక ఎందుకు, ఇయ్యాల్నే పిలువు."

కొమ్ములు విరిచే ఆడోళ్లందరు పకపక నవ్విండ్రు. నాకు తల తీసేసినట్టయింది. అప్పుడు నిర్ణయించుకున్న: వచ్చే తూకం రోజు నా సొంత బిడ్డను తెచ్చి, వీళ్లందరి ముంగట కాంటాకు ఏస్త. సూపర్‌వైజర్ బిడ్డకే ఏం కాకపోతే వీళ్ల పిల్లలకేం అయితది? పెంపకమంటే ఏందో కండ్లతో చూస్తరు.

ఇగ నా బిడ్డ ముచ్చట చెప్పాలె. అప్పుడు దానికి ఏడో నెల. బంగారం అసోంటి పిల్ల. ఏడ్వదు, సతాయించదు. తొట్టెల్ల ఏస్తే పండుడే. మా ఇల్లు ఆర్మూర్ల మా అడ్తి దుకాణం వెనుక, రైతుల పసుపు కమీషన్‌కు అమ్మిపెట్టే దుకాణం. మామ, మా ఆయన దుకాణంల కూర్చునేటోళ్లు. రైతులు పసుపు తెచ్చి, అమ్ముడుపోయే దాక మా దుకాణంలనే దిగేటోళ్లు. దిగినోళ్లకు అన్నం పెట్టుడు ఆ ఇంటి ఆనవాయితీ. సీజన్ల పూటకు పది పదిహేను మంది. వండేది మా అత్తమ్మ ఒక్కతే. నేను ఎనిమిది గంటల బస్సుకు ఊర్లు పట్టుకొని పోతే పిల్ల గూడ అత్తమ్మ దగ్గర్నే.

నేను తొట్టెల పైన గోడకు ఒక టైంటేబుల్ అతికించిన. పుస్తకంల చూసి రాసింది. ఎన్నింటికి పాలు, ఎన్నింటికి స్నానం, ఎన్నింటికి నిద్ర. అత్తమ్మకు చదువు రాదు, మామకు తీరిక లేదు, మా ఆయన దానిపక్కన క్యాలెండర్ చూస్తడు గని దాన్ని చూడడు. అయినా పిల్ల టైంకు పండుకుంటున్నది. అంటే ఏంది? నా టైంటేబుల్ పనిచేస్తున్నది! మీటింగులల్ల తోటి సూపర్‌వైజర్లు "మా పిల్లలు రాత్రులు పండనిస్తలేరు" అని మొత్తుకుంటుంటే నేను గొంతు సవరించుకొని టైంటేబుల్ గురించి చెప్పేదాన్ని. వాళ్లల్ల ఇద్దరు రాసుకున్నరు గూడ. వాళ్లకు ఇప్పటిదాక క్షమాపణ చెప్పలేదు.

తూకం రోజు పొద్దుగాల పిల్లను తయారు చేస్తుంటే అత్తమ్మ అడ్డమొచ్చింది. "సంటిపిల్లను బస్సుల ఎందుకే తిప్పుతవ్? కొత్తోళ్లను జూసి ఏడ్చిందంటే పది మందిల నీకే నామోషి."

"నా బిడ్డ ఏడ్వదు అత్తమ్మా."

ఆమె ఒక నిమిషం నన్నే చూసింది. "సరే తియ్యి. ఏడ్వకుంట నేను జూస్త" అని పిల్లను లోపలికి తీసుకపోయింది. కాటుక పెట్టి, దిష్టిచుక్క పెట్టి, జర ఆలస్యంగ తెచ్చిచ్చింది. కాటుక పెట్టుడుకు అంతసేపు ఎందుకని నేను అడగలేదు. బస్సు టైమైతున్నది.

కేంద్రం నిండ ఆడోళ్లు. సూపర్‌వైజరమ్మ తన బిడ్డను తూకం ఏస్తదంటే తమాష చూడనీకి కళ్లం మీదికెల్లి గూడ వచ్చిండ్రు. ఆ ముసలామె గూడ వచ్చింది, గోడకు ఆనుకొని నిలబడ్డది. నేను ఉపన్యాసం మొదలుపెట్టిన. శుభ్రత, పాలు, నిద్ర, క్రమశిక్షణ. ఏడు నెలల పిల్లకు క్రమశిక్షణ! అన్న, నిజంగనే అన్న. తర్వాత పిల్లను గుడ్డల కూర్చోబెట్టి కాంటాకు వేలాడదీసిన.

పిల్ల ఏడ్వలేదు. కుయ్యిమనలేదు. తల ముంగటికి వాలింది, కాళ్లు కిందికి జారినయి, అట్ల వేలాడింది.

"చూసిండ్రా? కాంటాకు ఏసినా ఏడ్వదు నా బిడ్డ. పెంచుడంటే ఇది" అన్న.

ఎవ్వరు నోరు మెదపలేదు. మెచ్చుకుంటున్నరనుకున్న.

టీచర్ ముల్లు చూసింది. నన్ను చూసింది. మళ్ల ముల్లు చూసింది. దగ్గరికొచ్చి, "మేడం, కాంటా జర ఖరాబయినట్టున్నది" అన్నది. నా పరువు కాపాడనీకి ఆ పిచ్చిది ఆడిన అబద్ధం అది. నేను పోయి చూసిన. ఐదో నెలల ఎంతుండెనో దానికంటే గూడ తక్కువున్నది. రెండు నెలల సంది నేను నా బిడ్డను తూకం ఏయలేదు. ఇరవై ఊర్ల పిల్లల చుక్కలు చూసేదాన్ని, నా పిల్లకు కార్డే లేదు.

అప్పుడు గోడకు ఆనుకున్న ముసలామె జనాన్ని తోసుకుంట వచ్చింది. నన్ను అడగలేదు. పిల్లను గుడ్డలకెల్లి తీసి ఒళ్లో ఏసుకున్నది. బొటనవేలితో కనురెప్ప పైకెత్తి చూసింది. నోటికాడ ముక్కు పెట్టి వాసన చూసింది. తలెత్తి నన్ను చూసింది.

"పోలీసోళ్లను ఏడికి పిలుస్తవ్ మేడం? గీడికా, మీ ఇంటికా?"

ఈసారి ఎవ్వరు నవ్వలేదు.

"ఏమంటున్నవ్ నువ్వు?" అన్న.

"మందు పెట్టిండ్రు. ఇయ్యాల జర ఎక్కువనే పెట్టిండ్రు. కండ్లల్ల నల్లగుడ్డు సూది మొనంతయింది జూడు." అంతే, ఆమె ఎత్తిపొడుపు అక్కడితోనే అయిపోయింది. గొంతు మారింది. "టీచరమ్మా, సల్లనీళ్లు తే. మేడం, నిలబడి సూస్తవేంది? పిల్లను పేరు వెట్టి పిలువు. పండనియ్యకు. గిప్పుడు పండిందంటే లేస్తదో లేదో నాకు తెల్వది."

ఆమె పిల్ల అరికాళ్ల మీద వేలితో టపటప కొడుతున్నది. పిల్ల కండ్లు తెరుస్తది, మూస్తది. బస్సుకు ఇంక గంట ఉన్నది. బయట పసుపు సంచుల ట్రాక్టర్ ఒకటి ఆర్మూర్‌కు పోనీకి తయారుగున్నది. ఎక్కినం. నేను ఎక్కుతుంటే టీచర్ ఒక కొత్త కార్డు పట్టుకొని వెంబడి ఉరికొచ్చింది. "మేడం, బరువు రాయాల్నా, వద్దా?"

"రాయి" అన్న. నా ఉద్యోగంల నేను చేయించిన నికార్సయిన చుక్క అదొక్కటే కావచ్చు.

సంచుల మీద నేను, ముసలామె, నడుమ పిల్ల. దారి పొడుగునా ఆమె పిల్ల కాళ్లు కొడుతనే ఉన్నది. నేను పేరు పిలుస్తనే ఉన్న. ట్రాక్టర్ ఎగిరిపడ్డప్పుడల్లా పిల్ల జర కదులుతది. ఆ రోడ్డుకు గుంతలున్నందుకు జీవితంల మొదటిసారి దండం పెట్టుకున్న.

"నీకెట్ల తెలిసింది అవ్వా?"

"నా నడిపి కొడుకు గిట్లనే పండిండు. లేవలే. దేవుడు తీసుకపోయిండన్నరు అందరు. నేను గూడ గదే అన్న. ఇంకేమంట?"

"మరి తెలిసి తెలిసి మనుమరాలికి ఎట్ల పెడ్తవ్?"

ఆమె నన్ను చూసిన చూపు చెప్పనీకి రాదు. పిచ్చిదాన్ని చూసినట్టు గూడ కాదు, పిల్లను చూసినట్టు చూసింది. "కడాయి కింద నిప్పులున్నయి మేడం. పైన మసిలే నీళ్లున్నయి. పిల్ల పాక్కుంట పోతే పట్టేటందుకు ఎవరున్నరు? నీ టీచరు ఒంటిగంటకు తాళమేసి పాయె. గా కడాయిల పడుడు కంటె పండుడు నయం గాదా? చెప్పు, సదువుకున్నదానివి."

నా ఉపన్యాసంల శుభ్రత ఉన్నది, క్రమశిక్షణ ఉన్నది, ఆ కడాయి మాత్రం లేదు.

దవాఖానల డాక్టర్ పిల్లను చూసి ఎంటనే లోపలికి తీసుకపోయిండు. బయటికొచ్చి ముసలామె మీద గయ్యిమన్నడు: "మీ ఊరోళ్లకు ఎన్నిసార్లు చెప్పినా బుద్ధి రాదు!" ఆమె నా దిక్కు చూసింది. నేనే చెప్పిన: "సార్, ఆమె పిల్ల కాదు. నా పిల్ల." డాక్టర్‌కు నేనెవరో తెలుసు. ఆయన దగ్గరికే వచ్చి పోషణ మీద పోస్టర్లు అతికించేదాన్ని. ఆయన మళ్ల లోపలికి పోయిండు. తిట్టినా బాగుండె.

పిల్ల బతికింది. రెండో రోజుకు ఏడుపు మొదలుపెట్టింది. అలవాటయిన మందు ఆగిపోయిందాయె, ఒళ్లంత ఏం బాధ పెట్టెనో, కాళ్లు చేతులు కొట్టుకొని ఏడ్చింది. వార్డు వార్డంత పరేషాన్. మా ఆయన వరండాల నిలబడి కండ్లనీళ్లు పెట్టుకున్నడు. బిడ్డ గొంతు అంత పెద్దదని మాకిద్దరికీ అప్పుడే తెలిసింది.

అత్తమ్మ టిఫిన్ క్యారియర్ పట్టుకొని వచ్చింది. నేను అడిగిన. దాచలేదు.

"పెట్టిన" అన్నది. "రోజు ఆవగింజంత. గా రోజు బస్సుల ఏడుస్తదని, నీకు నామోషి అయితదని రెండు పెట్టిన. ఎవరి కోసం పెట్టిన్నే? పొద్దుగూకి నువ్వొచ్చి కాయితాలు ముంగటేసుకుంటే పిల్ల కుయ్యిమంటే చాలు, 'అత్తమ్మా, జర చూడు' అనకపోయినవా? ఒక దిక్కు పొయ్యి మీద అన్నం, ఒక దిక్కు గా పదిహేను మంది, ఒక దిక్కు పిల్ల. నాకెన్ని చేతులున్నయ్? మంచిగ పండుకుంటున్నదని మురిసినవు గని, ఎందుకు పండుకుంటున్నదని ఒక్కనాడన్న అడిగినవా?"

అడగలేదు. నోరున్నదాన్నని పేరు నాకు. పుస్తకం చదివి, టైంటేబుల్ రాసి, మీటింగులల్ల చెప్పుకొని తిరిగిన. కండ్లముంగట పిల్ల వాడిపోతుంటే నాకు కనబడలేదు. కనబడితే నా పని ఆగుతది గద.

ఆమె ఇంక తగ్గలేదు. "నీ మొగనికి గూడ పెట్టిన. బతుకలేదా? డిగ్రీ సదువలేదా?"

"అందరు బతికిండ్రా అత్తమ్మా?"

మా ఫారంలల్ల రెండు గడులుంటయి. కన్నది ఎందర్ని, బతికున్నది ఎందరు అని. ఊరోళ్ల దగ్గర వందసార్లు నింపిన ప్రశ్న, మా ఇంట్ల ఎన్నడు అడగలేదు. మా ఇంటోళ్లం ఫారం నింపేటోళ్లమనుకున్న గని ఫారంల ఉండేటోళ్లమనుకోలేదు.

అత్తమ్మ వేళ్ల మీద లెక్కపెట్టుడు మొదలుపెట్టింది. పేర్లు చెప్పుకుంట పోయింది. మా ఆయన పేరు తర్వాత, నాలుగో వేలు దగ్గర ఆగింది. ఆ వేలును రెండో చేతితోని పట్టుకున్నది. తర్వాత క్యారియర్ విప్పి నాకు అన్నం పెట్టింది.

ఆ రోజు సంది "మా కాలంల పిల్లలు వాళ్లే పెరిగిండ్రు" అని ఎవరన్న అంటే నాకు ఆ నాలుగో వేలు కనబడ్తది. వాళ్లే పెరగలేదమ్మా. పెరిగినోళ్లు పెరిగిండ్రు, పెరగనోళ్ల ముచ్చట మీరు మాట్లాడరు. మీ గొప్పతనమంత ఆ మాట్లాడకపోవుడుల ఉన్నది.

ఇగ ఇప్పటోళ్లు తక్కువ తిన్నరా? నల్లమందు డబ్బీలు పోయినయి, సంతోషం. ఇప్పుడు షెల్ఫ్‌ల నిండ జ్ఞాపకశక్తి టానిక్కులు. దుబాయ్ పోయిన తండ్రి పాలడబ్బాలు పంపుతడు. తల్లి ఆ ఖాళీ డబ్బాలను గూడ టీవీ మీద వరుసగ పేర్చి పెడ్తది. పిల్లగాడు మాత్రం ట్యూషన్‌కెల్లి ట్యూషన్‌కు. పదో తరగతికి రాంగనే పట్నంల హాస్టల్. పొద్దుగాల నాలుగింటికి గంట కొట్టి లేపుతరట, అది వాళ్ల బోర్డు మీదనే రాసుంటది, గొప్పగ. అప్పుడు పెద్దోళ్ల పని సాగాలని పిల్లల్ని బలవంతంగ పండబెట్టిండ్రు. ఇప్పుడు పెద్దోళ్ల పరువు పెరగాలని పిల్లల్ని పండనిస్తలేరు. రెండింట్లనూ పిల్లనడిగినోడు ఒక్కడు లేడు. దీనికి ఒకామె అనుభవమని పేరు పెడ్తది, ఇంకొకామె సైన్సని పేరు పెడ్తది.

ఆఫీసు సంగతి గూడ చెప్త. నేను పై సార్ దగ్గరికి పోయి, పసుపు ఉడికినన్ని రోజులు ఆ ఊరి కేంద్రం మాపటి దాక తెరిచి ఉంచాలె, సంటిపిల్లల్ని గూడ తీసుకోవాలె అన్న. "రూల్స్ ఒప్పుకోవు" అన్నడు. నేను ఊరికి పోయి టీచర్‌తోని చెప్పిన. భయస్తురాలు అనుకున్న టీచర్, "తాళం చెయ్యి నా దగ్గర్నే గద మేడం ఉండేది" అన్నది. కళ్లంల పనిచేసే ఆడోళ్లు రోజుకొకరు వంతు పెట్టుకొని పిల్లల్ని చూసిండ్రు. ముసలామె వంతు లేకున్న వచ్చి కూర్చునేది. ఆ సీజన్ల ఆ కళ్లాలల్ల మందు ముట్టలేదని నేను చెప్పను, అబద్ధమైతది. తగ్గింది. పిల్లలు కాంటా ఎక్కిండ్రు, గొంతు చించుకొని ఏడ్చుకుంట. ఫలితంగ నాకు ఒక మెమో వచ్చింది. టైం దాటినంక కేంద్రం నడిపినందుకు కాదు, అది సార్‌కు తెల్వనే తెల్వది. ఆ ఊరి పిల్ల కాని పిల్ల పేరు ఆ ఊరి కార్డుల ఎట్లొచ్చిందని! నా బిడ్డ పేరు అది.

ఇంట్ల జరిగింది ఇంక మిగిలున్నది.

దవాఖానకెల్లి వచ్చినంక నా సెలవు అయిపోయిన రోజు. సీజన్ ఇంక నడుస్తనే ఉన్నది. దుకాణంల రైతులు దిగున్నరు. నేను బ్యాగు భుజానేసుకొని బయల్దేరుతున్న. పిల్లను ఎవరి చేతిల పెట్టాలెనో తెల్వక నిలబడ్డ. అత్తమ్మ పిల్లను తీసుకున్నది. లోపలికి పోతదనుకున్న. సీదా దుకాణంలకు నడిచింది. ఆమె పగటిపూట దుకాణం గడప దాటి గద్దె దగ్గరికి పోవుడు నేను ఎన్నడు చూడలేదు. రైతులు లేచి నిలబడ్డరు.

"పిల్లనన్న చూస్త, వంటన్న చేస్త. రెండు నాతోని గావు" అన్నది. "ఏది గావాల్నో మీరే జెప్పుండ్రి."

మామ రైతుల దిక్కు చూసిండు. పొద్దుగాల ఊర్లకెల్లి బయల్దేరి వచ్చినోళ్లు, ఆకలి మీదున్నరు. ఇంటి ఆనవాయితీ. "వంట" అన్నడు, గొణుక్కుంట.

"గట్లనే" అని పిల్లను తెచ్చి మా ఆయన ఒళ్లో పెట్టింది. ఆయన బేరం నడుమ ఉన్నడు. ఒక చేతిల పసుపు కొమ్ము, ఒక చేతిల పిల్ల. ఆమె లోపలికి పోయి పొయ్యి ముట్టించింది.

బస్సు పోతే పోయిందని నేను అరుగు మీదనే నిలబడ్డ. పిల్ల మొదలు గద్దె మీది కాయితం గుంజింది. తర్వాత ఆయన కండ్లద్దాలు గుంజింది. తర్వాత ఏడ్చుడు షురూ చేసింది, దవాఖానల నేర్చిన గొంతుతోని. కొననొచ్చిన వ్యాపారికి రైతు మాట వినొస్తలేదు, రైతుకు వ్యాపారి మాట వినొస్తలేదు. మామ కోపంగ చూస్తున్నడు, ఎవరిని కోప్పడాల్నో తెల్వక. ఒక రైతు "పిల్లకు ఆకలైతుండొచ్చు షావుకారీ" అన్నడు. ఇంకొకాయన "చీమ కుట్టిందేమో" అన్నడు. మా ఆయన ఊపిండు, తట్టిండు, ఈల ఏసిండు, పసుపు కొమ్ము చేతికిచ్చి గుంజుకున్నడు. చెమటలు పడ్తున్నయి.

జరసేపటికి ఆయన బేరం ఇడిసిపెట్టి వంటింటి తలుపు కాడికి వచ్చిండు. దవాఖాన వరండాల కండ్లనీళ్లు పెట్టుకున్న మనిషి. డాక్టర్ చెప్పింది చెవులార విన్న మనిషి.

"అమ్మా, దీనికేమన్న పెట్టి జర పండబెట్టరాదూ?" అన్నడు.

అత్తమ్మ పొయ్యి కాడికెల్లి లేవలేదు. అన్నం గంజి వంచుకుంట తల గూడ తిప్పలేదు.

"ఎత్తుకొని తిరుగు" అన్నది. "ఇంక గంట గూడ గాలే."